వెబ్‌పత్రికలో వ్యాసముల యమరిక



అచ్చుపత్రికలో ఏ వ్యాసము ముఖపుటలో నుండవలెనో, దేనికి బొమ్మ చేర్చవలెనో నిర్ణయించువాడు సంపాదకుడు. వెబ్‌సైటులందు చాలకాలము ఈ యధికారము పేరునకు మాత్రమే యుండెను. థీము కూర్చినవారు ఏర్పరచినట్లే వ్యాసములు కనబడుచుండెను. మార్పు కావలెనన్న ప్రోగ్రాము వ్రాయువారి నాశ్రయింపవలసి వచ్చెడిది. 2003లో వెలువడిన వర్డ్‌ప్రెస్సునందును స్థితి యిదియే. 2018 డిసెంబరున 5.0వ కూర్పుతో బ్లాకులు ప్రవేశించినవి. 2021 జూలైలో వాని సరసకు 'క్వెరీ లూప్' అను బ్లాకు చేరినది. నేడు నేను ముచ్చటింపదలచినది దీనిని గురించియే.

మా ప్రాంతపు పెద్దల జ్ఞాపకములను ప్రకటించు చిన్న వెబ్‌పత్రిక నొకదానిని నేను చూచుచున్నాను. క్రొత్తది పైన, ప్రాతది క్రింద అనునది సైటుల సహజక్రమము. అందుచేత నిన్నటి సభాప్రకటన పైన వెలుగుచుండగా, తొంబదియేండ్ల నేతకాడు చెప్పిన మగ్గపు ముచ్చట యేడవపుటలో నడగియుండెను. వార్తకు ఈ క్రమము తగును, జ్ఞాపకమునకు తగదు. చెప్పినవారు బ్రదికియుండగనే తమ మాటను ముఖపుటలో చూచుకొనవలెనన్న జాప్యము పనికిరాదు గదా!

విందులో పెద్దవారు ఒక్క విస్తరి వడ్డించి చూపినచో పంక్తి యంతయు నట్లే సాగును. ఈ బ్లాకు పనియు నంతియే. ఒక్క వ్యాసమునకు బొమ్మ, శీర్షిక, తేది, సంగ్రహము మనకు నచ్చిన వరుసలో నమర్చినచో తక్కినవన్నియు నదే రూపము దాల్చును. ఏ వర్గపు వ్యాసములు, ఎన్ని, ఏ క్రమమున, జాబితాగానా, గళ్లుగానా యనునవి ప్రక్కనున్న పట్టికలో నెన్నుకొనవచ్చును. మేము ముఖపుటలో రెండు లూపులు పెట్టితిమి. మొదటిది క్రొత్తవి మూడు. రెండవది జ్ఞాపకముల వర్గము మాత్రమే, ప్రాతవి ముందుగా.

ఇచట నొక చిక్కు కలదు. 'డిఫాల్ట్' అను ఎంపిక యున్నంతవరకు ఆ పుటకు సహజముగా రావలసిన వ్యాసములే వచ్చును. వాని సంఖ్యయు రీడింగ్ సెట్టింగులలోనిదే, అనగా మనము మార్చనిచో పది. 'కస్టమ్' అని మార్చినపుడే మన యెంపికలు చెల్లును. కాని వర్గముల పుటలలో దీనిని మార్చరాదు. మార్చినచో పాఠకు డే వర్గమును తెరచినను ఒకే వ్యాసములు ఎదురగును.

తెలుగువారికి ప్రత్యేకముగా చెప్పవలసినది మరియొకటి. సంగ్రహమునకు మొదటినుండి యున్న పరిమితి 55 పదములు. మన పదములు సమాసములతో, విభక్తులతో పెరుగునవి. కావున గడి నిండి పొరలును. ఇరువది, ఇరువదియైదు చాలును. ఇంగ్లీషు శీర్షికలకై కూర్చిన ఇరుకైన పంక్తులలో పైవరుస వత్తు క్రిందివరుస గుడిని తాకును. 'లైన్ హైట్' అనుచోట 1.6 వరకు పెంచి చూడుడు. 2024 ఏప్రిలులో వచ్చిన 6.5వ కూర్పునుండి గూగుల్ ఫాంట్సులోని మండలి, రామభద్ర వంటి అక్షరములను గూడ అచటినుండియే తెచ్చుకొనవచ్చును.

బ్లాకు థీములయందు, అనగా 2022 జనవరిలోని 5.9వ కూర్పు మొదలుకొని, సైటు మూసలన్నింటిని ఇట్లే దిద్దవచ్చును. ప్రాతథీము గలవారు ఒక పుటను తెరచి యందు ఈ బ్లాకును చేర్చి, దానినే ముఖపుటగా నేర్పరచుకొనవచ్చును. గళ్లు మూడేసి పెట్టినవారు ఫోనులో నొకసారి తెరచి చూడుడు. అంత యిరుకు తెరపై మన శీర్షికలు మూడు ప్రక్కప్రక్కన నిమడవు.