మడికి ఏ దుప్పటి కప్పాలి?



ఎండాకాలంలో పొద్దున్నే వంకాయ మడికి నీళ్లు పోస్తాం. సాయంత్రానికి నేల మళ్లీ ఎండిపోతుంది. ఆ నీళ్లన్నీ చెట్టే తాగిందా? లేదు. చాలా నీళ్లు ఎండ తాగేసింది. అందుకే మొక్కల మధ్య నేలను కప్పాలి. దేనితో కప్పాలి? అదే అసలు సంగతి.

అనంతపురం జిల్లాలో ఒక పల్లె. వాన తక్కువ సీమ. అక్కడ ఒక కోడలు పెరట్లో రెండు మడులు చేసింది. వంగ, టమాటా పెట్టింది. బోరింగు దూరం. రోజూ ఆరు బిందెలు మోసేది. నడుం పడిపోయేది.

ముందు ఆమె చేనుగట్టు గడ్డి కోసుకొచ్చి కప్పింది. ఆ గడ్డి గింజ పట్టి ఉంది. పది రోజులకు మడి నిండా గడ్డి మొలిచింది! కలుపు తీయలేక చచ్చింది పాపం. గింజ పట్టిన గడ్డి, పూసిన వయ్యారిభామ మడిలో వేయకూడదు.

తర్వాత వామిలో వరిగడ్డి తీయబోయింది. అత్త ఊరుకుంటుందా?

“ఏమే, గడ్డి మడికేస్తే ఎనుముకేం పెడతావు? నీ వంకాయలు పెడతావా?”

“అట్లయితే నీళ్లు నువ్వే మొయ్యి అత్తా!”

ఆ పూట ఇద్దరికీ మాటల్లేవు. నిజానికి అత్త మాట న్యాయమే. వరిగడ్డి మంచిదే. కానీ అది డబ్బు పెట్టి కొన్న మేత. పాలు పోగొట్టుకుని వంకాయలు తింటామా?

మిల్లు నుంచి శెనక్కాయ పొట్టు తెచ్చింది. చెరిగి వేసింది. గింజలు మిగిలితే ఎలుకలు వస్తాయి గదా. గాలికి లేవకుండా పైన నీళ్లు చల్లింది. బాగానే ఉంది. కానీ ఒక మడికే చాలింది.

వాకిట్లో వేపచెట్టు, కానుగచెట్టు ఉన్నాయి. రాలిన ఆకులు రోజూ ఊడ్చి తగలబెట్టేవాళ్లు. ఆ ఆకులే రెండో మడిలో నాలుగు వేళ్ల మందం పరిచింది. ముందు నేల బాగా తడిపి, ఆ తర్వాతే పరిచింది. కానీ ఆకులు మొక్కల మొదళ్లకు ఆనించి కుప్ప పోసింది. రెండు వంగమొక్కలు మొదలు కుళ్లి పడిపోయాయి. అత్తే చూసి చెప్పింది.

“మొదలు చుట్టూ బెత్తెడు వదలాలే!”

ఇప్పుడు ఆ కోడలు పొద్దున్నే కర్రతో ఆకులు పక్కకు తీస్తుంది. చేత్తో తీయదు. తేలు ఉండొచ్చు. మట్టిలో వేలు పెట్టి చూస్తుంది. చెమ్మ ఉంటే ఆ రోజు నీళ్లు పోయదు. రోజు మార్చి రోజు మోస్తోంది. కింది ఆకులు చివికి ఎరువవుతున్నాయి. పైన కొత్తవి వేస్తోంది.

వాకిలి ఊడ్చిన ఆకులు అత్తే గంపకెత్తి పెరట్లో పోస్తోంది. అగ్గిపెట్టెను మాత్రం అటు రానివ్వదు.