పనిచేసే చోట పార్టీ మాట
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మమ్ములను చదువును గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. అది ప్రతి ఏడూ చెబుతూనే ఉన్నాము. ఈసారి చదువు ముగించి నౌకరీలో చేరిన మన పిల్లల చిక్కు ఒకటి మీ ముందుంచుతాము. ఆఫీసులో గాని, దుకాణంలో గాని ఒకడు తన రాజకీయ అభిప్రాయం బయటపెడతాడు. నిన్నటిదాకా టిఫిను డబ్బా పంచుకున్నవాళ్ళు మరునాడు మొహాలు తిప్పుకుంటారు. పూర్వం ఇటువంటివి టీకొట్టు దగ్గరే తేలిపోయేవి. ఇప్పుడు వాట్సాప్ స్టేటస్ పెడుతున్నారు. పెట్టినవాడు మరచినా చూసినవాడు మరవడు, ఫోటో తీసి దాచుకుంటాడు.

ముందు కానూను సంగతి. 1964 నాటి కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమాల ప్రకారం ఉద్యోగి ఏ పార్టీలోనూ సభ్యుడు కారాదు. ఓటు వేయవచ్చు, ఎవరికి వేసిందీ చెప్పరాదు. ఎన్నికల గుర్తు ఒంటిమీద, బండిమీద, ఇంటిమీద పెట్టుకోరాదు. అభ్యర్థికి ఏజెంటుగా కూర్చుంటే 1951 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టం 134-ఎ సెక్షను క్రింద మూడు నెలల దాకా జైలు. ప్రైవేటు కొలువుకు ఈ నియమాలు లేవు, అక్కడ చాలావరకు యజమాని మనసే కానూను.

ఇక ఒక కేసు. మధ్యప్రదేశ్‌లో ఒక మునిసిపల్ బడి 1971లో సర్కారు క్రిందికి వచ్చింది. అందులోని ఒక అయ్యవారిని 1972లో ప్రభుత్వోద్యోగంలోకి తీసుకొని, 1974లో తొలగించారు. అంతకుముందు ఆయన ఆర్.ఎస్.ఎస్., జనసంఘ్ కార్యక్రమాలలో పాల్గొన్నాడని పోలీసు నివేదిక. 1983లో సుప్రీంకోర్టు ఆ తొలగింపు చెల్లదన్నది. తీర్పు వ్రాసినది మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డిగారు. గతంలో రాజకీయాలలో తిరిగినంత మాత్రాన ఒకడికి నౌకరీ లేకుండా చేయడం రాజ్యాంగానికి సరిపడదన్నారు.

ఆ సంస్థల ఆలోచనతో మనకు పొత్తు లేదు. అయినా ఈ తీర్పు మన పిల్లలకు చదివి వినిపించదగినది. రేపు మనవాడి మీద అటువంటి నివేదిక వస్తే అడ్డుగా నిలిచేది ఆ అయ్యవారి కేసే! సూరె మాయిదా 8వ ఆయతు ఇన్సాఫ్‌ను గురించి ఏమన్నదో ఇక్కడున్నవారందరూ ఎరుగుదురు.

మన ఊళ్లో మనవారిదే ఒక మోటారు సామాన్ల దుకాణం ఉంది. అందులో పనిచేసే హిందూ కుర్రవాడు ఒక పార్టీ కండువా వేసుకొని ఊరేగింపులో నడిచిన ఫోటో మిగతావాళ్ళ ఫోన్లలోకి వచ్చింది. వాణ్ణి తీసెయ్యాలని అందరూ పట్టుబట్టారు. యజమాని వాణ్ణి లోపలి గదిలోకి పిలిచి ఒక్కటే అడిగాడు: "బేరానికి వచ్చినవాళ్ళతో గాని, తోటివాళ్ళతో గాని ఏమన్నా అన్నావా?" అనలేదని విచారిస్తే తేలింది. అప్పుడు అందరినీ నిలబెట్టి, ఆదివారం వాడెక్కడ నడిచాడో తనకు అక్కరలేదనీ, దుకాణంలో మాత్రం ఎవరి కండువా, ఎవరి నినాదం ఉండరాదనీ చెప్పాడు. గోడమీద ఏళ్ళ తరబడి వేలాడుతున్న ఒక నాయకుడి బొమ్మ కేలండరు కూడా తీయించాడు. ఆ కేలండరు తీసిన తరువాతనే తక్కినవాళ్ళ నోరు మూతపడింది. కలిసి తినడం మాత్రం రెండు నెలలు పట్టింది.

దీనికి రెండో పక్క కూడా ఉంది. ఎక్కడో ఏదో జరుగుతుంది. ఇక్కడ ఆఫీసులో మన కుర్రవాణ్ణి, "మీవాళ్ళు దీనికేమంటారు?" అని అడుగుతారు. వాడు రోషంతో ఏదో అంటాడు. రాజకీయం మాట్లాడాడని ఫిర్యాదు పోతుంది, అడిగినవాడి పేరు మాత్రం అందులో ఉండదు. ఆఫీసరు ఇద్దరినీ విడివిడిగా విని, మొదట ఎవరు ఎత్తుకున్నారో కాగితం మీద పెట్టాలి. అందరి ముందు మందలిస్తే గొడవ రెండింతలౌతుంది. మన పిల్లలకు చెప్పేదేమంటే, ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత మీకు లేదు. "నా పని ఇది, చేసుకోనివ్వండి" అంటే చాలు.

సంఘం వారికీ ఒక మనవి. ఇటువంటప్పుడు ఇరవైమంది కలిసి ఆఫీసు మీదికి పోకండి, కుర్రవాడి కేసు చెడుతుంది. ఇద్దరు పెద్దలు, నియమాలు తెలిసిన ఒకరు చాలు. ఈ సభలో మెమో అందుకున్నవాళ్ళు ఉంటే, ముందు గడువు తేదీ చూసుకోండి. కోపంలో జవాబు వ్రాయకండి. భోజనాలయ్యాక ఆ కాగితం తీసుకొని కార్యదర్శిగారి బల్ల దగ్గరకు రండి, మేమూ అక్కడే ఉంటాము.