మతిమఱపు వ్యాధి – పరిచర్య



ముదిమిలో చూపు మందగించుట, మోకాళ్లు పట్టుట లోకసహజము. తాళపుచెవి ఎచ్చట నుంచినదియు మఱచి, కొంతసేపటికి జ్ఞప్తికి తెచ్చుకొనుటయు సహజమే. కాని తాళపుచెవిని చేతబట్టి అది యెందులకో తెలియకుండుట, పుట్టి పెరిగిన వీథిలోనే త్రోవ తప్పుట, కన్నకొడుకును పరాయివానిగా చూచుట ముదిమి లక్షణములు కావు. అవి మెదడునకు సోకిన వ్యాధికి చిహ్నములు. దానిని చాదస్తమని పరిహసించుటయు, గ్రహచారమని తాయెత్తు కట్టి యూరకుండుటయు సమానమైన పొరపాట్లే.

జర్మనీ దేశపు వైద్యుడు ఆలోయిస్ ఆల్జీమర్, తాను పూర్వము పరీక్షించిన యొక స్త్రీ మెదడును ఆమె మరణానంతరము శోధించి, అందలి మార్పులను 1906లో వైద్యుల సభకు వివరించెను. ఆసుపత్రిలో చేరునాటికి ఆమె వయస్సు 51 మాత్రమే. మతి నశించుటకు హేతువులు పెక్కు గలవు. వానిలో మిక్కిలి తఱచైనది ఆయన పేర పరగుచున్న వ్యాధియే. ఈ దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 వంతు, అనగా సుమారు 88 లక్షలమంది, ఇట్టి స్థితిలో నున్నారని 2023లో వెలువడిన పరిశోధన అంచనా వేసినది.

హైదరాబాదు నిజాము వైద్యవిజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడి ప్రభృతులు 648 మంది రోగులను పరిశీలించి, 2013లో నొక విశేషమును ప్రకటించిరి. రెండు భాషలు మాటలాడువారికి, ఒకటే భాష యెఱిగినవారికంటె సుమారు నాలుగున్నరయేండ్లు ఆలస్యముగా ఈ వ్యాధి పొడసూపినది. చదువురానివారియందును ఇట్లే కానవచ్చినది. తెలుగును అరవమును ఒకే నోట పలుకు చిత్తూరు సీమవారికి ఇది సంతోషవార్త. అయినను ఆలస్యము వేఱు, తప్పించుకొనుట వేఱు.

కావున తొలుత వైద్యుని చూడవలెను. బి12 విటమిను లోపము, థైరాయిడు జబ్బు, మనోవ్యాకులత, తలకు తగిలిన దెబ్బ కారణమైనచో చికిత్సచే మేలు కలుగవచ్చును. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థలో నాడీవైద్య విభాగము గలదు. ఆల్జీమర్ వ్యాధిని సమూలముగా మాన్పు మందు ఇంకను లేదు. డొనెపెజిల్ వంటివి కొందఱికి కొంతకాలము ఉపశమన మిచ్చును. తక్కినదంతయు పరిచర్యయే.

రోగితో వాదింపరాదు. "ఇప్పుడేగా భోంచేసినావు" అని కసరుటకంటె చిన్న పండు చేతికిచ్చుట మేలు. స్నానము, భోజనము, నిద్ర నిత్యము ఒకే వేళకు జరుగవలెను. యాత్రికులతో క్రిక్కిఱిసిన తిరుపతి వీథులలో చేయి వదలిన నిమిషములోనే తప్పిపోవుదురు. పేరు, ఊరు, ఫోను నంబరు వ్రాసిన చీటిని చొక్కాలోపల కుట్టవలెను.

మఱియొక సంగతి. మతి తప్పినవాని వ్రేలిముద్ర సులభముగా దొరకును. పొలము పోయినపిదప పంచాయతీలవలన ఫలము లేదు. తానేమి చేయుచున్నాడో గ్రహింపలేని స్థితిలో చేసిన ఒప్పందము చెల్లదని 1872 నాటి చట్టము చెప్పుచున్నది. కాని దానిని కోర్టులో రుజువుచేయుటకు ఏండ్లు పట్టును. ఆస్తి యేర్పాట్లు తెలివి యుండగానే, నలుగురి యెదుట చేసికొనుట క్షేమము.

రేయింబవళ్లు కాచుకొను భారము తఱచుగా ఇంటికోడలిపైననే పడుచున్నది. కొడుకులు, కూతుళ్లు వంతులు వేసికొనవలెను. ఇరుగుపొరుగువారు పూట కొక గంట కూర్చుండిన ఆమె కన్ను మూయగలదు. గ్రంథాలయమునకు వచ్చు యువకులు వారమున కొకనాడు అట్టి వృద్ధుని చెంత, ఆయన బాల్యమున నేర్చిన పద్యములు చదివిన, మఱచినదనుకొన్న చరణమును ఆయనయే పూరింపవచ్చును. పూరింపకున్నను, తనచెంత నొకరు కూర్చుండిరను ఊఱట ఆయనకు మిగులును.