గుంటల నుంచి గజాల దాకా
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కాటారంలో ఇళ్ల గురించి మాట్లాడమన్నారు. నేను రియల్ ఎస్టేట్ మనిషిని కాను. బడిలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. అందుకే లెక్కతోనే మొదలుపెడతాను. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇంటి జాగాను గుంటల్లో చెప్పేవారు. గజం అనే మాట బట్టల దుకాణంలోనే వినబడేది. ఇప్పుడు టీ కొట్టు దగ్గర కూడా 'గజం ఎంత పలుకుతుంది' అనే మాటే.

ఎందుకిలా అయిందో మీకు తెలియనిది కాదు. భూపాలపల్లి, మంథని, మహదేవపూర్ దారులు మన దగ్గర కలుస్తాయి. 2016 అక్టోబర్ 11న కరీంనగర్ నుంచి విడదీసి మనల్ని కొత్త జిల్లాలో కలిపారు. అదే ఏడాది మేడిగడ్డ పనులకు శంకుస్థాపన జరిగింది. ఇంజనీర్లు, లారీ డ్రైవర్లు, పరాయి రాష్ట్రాల కూలీలు వచ్చారు. రేకుల గదికీ అద్దె పలికింది. 2019 జూన్‌లో ప్రాజెక్టు ప్రారంభమైంది, పనివాళ్లు వెళ్లిపోయారు. 2023 అక్టోబర్‌లో పిల్లర్లు కుంగిన సంగతి దేశమంతా చూసింది. గదులు ఖాళీ అయ్యాయి గాని, జాగా ధర దించి చెప్పినవాణ్ణి నేను చూడలేదు.

ధర పెరిగితే ఉన్నవాడికి లాభమే కదా అంటారు. మా వీధిలో జరిగింది చెబుతాను, పేర్లు వద్దు. ఒక పెద్దాయన తన చిన్న కూతురికి ఇంటి వెనక జాగా నలుగురి ముందు నోటితో ఇచ్చాడు. ఆమె రెండు గదులు వేసుకుని, మిషన్ కుట్టి పిల్లల్ని సాకింది. గుంటల రోజుల్లో ఎవరూ అడగలేదు. గజాల రోజులు వచ్చాక అన్నల కొడుకులు అడిగారు. అప్పటికి పెద్దాయన లేడు. సాక్షుల్లో ఒకరు పోయారు, ఇంకొకరికి మతిమరుపు. హిబా నోటితో ఇచ్చినా, తీసుకున్నవారు ఒప్పుకుని స్వాధీనం చేసుకుంటే చెల్లుతుందని మన చట్టం. కాని రుజువు చేయాలి కదా! చివరకు ఒక గది వదులుకుని ఆమె రాజీ పడింది. ఆ పంచాయితీలో నేనూ కూర్చున్నాను. 'పోనీ బిడ్డా, సర్దుకో, పుట్టింటి రాకపోకలు ఉండాలి కదా' అన్నది నేనే. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది. ఆడపిల్ల వాటా ఖురాన్‌లో రాసి ఉంటే, మనం రాకపోకల పేరు చెప్పి దాన్ని మాఫీ చేయిస్తున్నాం.

అప్పు ఇచ్చి పుచ్చుకుంటే రాసుకోమని సూరె బఖరా 282వ ఆయతు చెబుతుంది. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు అదే. మనం మాత్రం ఇంటినే తెల్ల కాగితం మీద కొంటాం. నోటరీ ముద్ర పడితే రిజిస్ట్రేషన్ అయినట్టే అనుకుంటాం. అనుమతి లేని లేఅవుట్లో, అంతకుముందు రిజిస్టర్ కాని ప్లాటుకు 2020 ఆగస్టులో రిజిస్ట్రేషన్ ఆగింది. అలాంటి కాగితాలు పెట్టెలో దాచుకున్న ఇళ్లు మన జమాఅత్‌లోనే ఉన్నాయి. పంచర్ షాపు వాళ్లు, మేస్త్రీలు, కోళ్ల దుకాణం వాళ్లు. కష్టపడి కొన్నారు, మోసపోవాలని కొనలేదు.

దాతలకు నా మనవి ఒకటే. దుప్పట్లు పంచండి, రంజాన్ కిట్లు ఇవ్వండి, కాదనను. వాటితో పాటు కాగితాల కోసం కొంత సొమ్ము తీసిపెట్టండి. 2021 జూలై నుంచి కొన్న ఆస్తికి రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం. లక్షకు 7,500. కుటుంబంలో ఇచ్చే దానపత్రానికి అంతకన్నా తక్కువే. ఆ మాత్రం డబ్బు లేకనే ఎన్నో హిబాలు నోటి మాటగా మిగిలిపోతున్నాయి. అది ఖర్జె హసనాగా ఇవ్వవచ్చు, వడ్డీ లేకుండా నెలనెలా తీర్చుకుంటారు. అద్దె ఇంటి అడ్వాన్సుకూ అలాగే. మసీదు చుట్టూ ఉన్న ఇళ్లు అమ్ముకుని వరంగల్, కరీంనగర్ వెళ్లినవారి స్థానంలో కొత్త కుటుంబాలు వస్తున్నాయి. జుమా తర్వాత వాళ్లను పలకరించి, ఇల్లు ఎవరి పేరున ఉందో, అడ్వాన్సు ఎలా తెచ్చారో అడిగేవారు కావాలి.

మొదటి దరఖాస్తు మా వీధి చెల్లెలిది. మిగిలిన ఆ ఒక్క గదిని ఆమె పేరున రాయించాలి. అన్నల కొడుకులు సంతకానికి ఒప్పుకున్నారు, నేను వెంట వెళ్తాను. సొసైటీ ఒప్పుకుంటే ఖర్చులో సగం నాది.