పై అంతస్తు కోసం వదిలిన చువ్వలు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఇంజనీరువి కదా, వంతెనల గురించో సిమెంటు గురించో ఒక పావుగంట మాట్లాడు" అన్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక సిమెంటు గురించి మాట్లాడితే ఎంతమంది మెలకువగా ఉంటారో నాకు తెలుసు. అందుకని మీ ఇళ్లలో పిల్లలూ మనవలూ చూసే సూపర్ హీరోల టీవీ సీరీస్‌ల సంగతి ఎత్తుకున్నాను. వాటిలో కథ మిగిలిందా, లేక రాబోయే సినిమాకి ప్రకటనలుగా మారిపోయాయా అన్నది నా ప్రశ్న. నవ్వకండి. సైటు గెస్ట్‌హౌసుల్లో సాయంత్రాలు ఒంటరిగా గడిపే ఉద్యోగం నాది. ఇవి చాలానే చూశాను.

మన ఊళ్లో ఏ డాబా ఎక్కి చూసినా పిల్లర్ల మీద ఇనుప చువ్వలు పైకి పొడుచుకుని ఉంటాయి. ఎప్పుడో ఒకప్పుడు పై అంతస్తు వేద్దామని వదిలినవి. అందులో తప్పేమీ లేదు, అది ముందుచూపు. కాకపోతే కింద ఇల్లు ముందు పూర్తి కావాలి. గదులకి తలుపులుండాలి, కుళాయి తిప్పితే నీళ్లు రావాలి. కొన్ని సీరీస్‌లు చూస్తుంటే కింద వంటిల్లు కట్టకుండానే మూడో అంతస్తు చువ్వలు లేపినట్టుంటుంది.

మొదటి ఉదాహరణ 'ఏజెంట్స్ ఆఫ్ షీల్డ్'. 2013 సెప్టెంబరులో అమెరికాలో ఏబీసీ చానల్లో మొదలైంది. షీల్డ్ అనే గూఢచారి సంస్థలో పనిచేసే కొందరి కథ. ఆ సంస్థలోనే శత్రువులు దాక్కుని ఉన్నారని, అది కూలిపోతుందని కథ. కానీ ఆ రహస్యం బయటపెట్టే హక్కు సీరీస్‌కి లేదు. 2014 ఏప్రిల్ 4న విడుదలయ్యే రెండో కెప్టెన్ అమెరికా సినిమాకి దాన్ని దాచిపెట్టారు. 22 భాగాల మొదటి సీజన్‌లో 16 భాగాలు ఈ జట్టు వారానికో చిన్న కేసు చూసుకుంటూ కాలక్షేపం చేసింది. సినిమా వచ్చిన నాలుగు రోజులకి 17వ భాగం వచ్చింది. అక్కడి నుంచి కథ పరుగెత్తింది. జట్టులో మనం నమ్మినవాడే ద్రోహి అని తేలింది. రాసేవాళ్లకి చేతకాక కాదని దీనివల్ల తెలుస్తోంది. స్లాబు పోయడానికి అన్నీ సిద్ధంగా ఉండి, పక్క కాంట్రాక్టరు అనుమతి కోసం ఏడు నెలలు కూర్చోబెడితే ఏ మేస్త్రీ అయినా అంతే. అందులో సగంలోనే చూడటం మానేసినవాళ్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు.

దీని వెనక డబ్బు లెక్క ఉంది. సినిమాకి మనం ఒకసారి టికెట్టు కొంటాం, అయిపోతుంది. 2019 నవంబరులో డిస్నీ సంస్థ సొంత స్ట్రీమింగ్ సర్వీసు పెట్టాక లెక్క మారింది. ఇక్కడ ప్రేక్షకుడు నెలనెలా చందా కట్టాలి. కథ పూర్తయితే ఆ మనిషి లేచి వెళ్లిపోవచ్చు. కాబట్టి పూర్తి కాకూడదు. సినిమాలో పేర్లన్నీ పడ్డాక వచ్చే చిన్న ముక్క ఒకప్పుడు సరదా. సీరీస్‌ల దగ్గరికొచ్చేసరికి ఆఖరి భాగం మొత్తం ఆ ముక్కకి దారి వేసే పనిలో పడింది. మంచి కథకి ముగింపు బలం. చందా వ్యాపారానికి అదే నష్టం. ఈ రెంటికీ పొసగదు.

నన్ను బాగా కదిలించింది, తర్వాత బాగా బాధపెట్టిందీ 'వాండావిజన్'. 2021 జనవరి నుంచి మార్చి దాకా, తొమ్మిది భాగాలు. వాండా అనే మహాశక్తి గల స్త్రీ, ప్రేమించినవాణ్ణి పోగొట్టుకున్న దుఃఖంలో ఒక చిన్న ఊరినే తన మాయలో బంధించి, పాత టీవీ హాస్య నాటికల్లోలాంటి కాపురం సృష్టించుకుంటుంది. భర్త తిరిగొస్తాడు, ఇద్దరు మగపిల్లలు పుడతారు. అంతా ఆమె ఊహే. అంతకు ముందు ఏడాది మా అమ్మ పోయింది. కరోనా రోజులు, అందరం సరిగ్గా వెళ్లి చూసుకోలేకపోయాం. మా అమ్మాయి నాయనమ్మ దగ్గర పెరిగిన పిల్ల, అయినా ఆ విషయం నోరెత్తేది కాదు. శుక్రవారం రాత్రి ఇద్దరం కలిసి ఈ సీరీస్ చూసేవాళ్లం. ఎనిమిదో భాగంలో వాండా చిన్నతనం చూపిస్తారు. అమ్మానాన్నలతో కూర్చుని అమెరికన్ కామెడీలు చూస్తున్న పిల్ల, ఇంటి మీద పడిన బాంబు. అది చూశాక మా అమ్మాయి టీవీ ఆపేసి, నాయనమ్మ గురించి తెల్లవారేదాకా మాట్లాడింది. కథ చేయగలిగిన పని అది. ఆ రాత్రి నేనేమీ పెద్దగా మాట్లాడలేదు, వింటూ కూర్చున్నాను.

తొమ్మిదో భాగంలో సగం ఆకాశంలో యుద్ధం. అది ఏ సినిమాలోనైనా దొరుకుతుంది. అయినా చివరికి వాండా ఊరిని విడిచిపెట్టి, పిల్లల్ని పడుకోబెట్టి, భర్తకి వీడ్కోలు చెబుతుంది. తన చేతులతో తన ఇల్లు చెరిపేసుకుంటుంది. ముగిసింది అనుకున్నాం. పేర్లు పడ్డాక మళ్లీ ఒక ముక్క: ఆమె మంత్రగ్రంథం చదువుతుంటే పిల్లల కేకలు వినిపిస్తాయి. ఏడాది తర్వాత, 2022 మేలో, రెండో డాక్టర్ స్ట్రేంజ్ సినిమాలో ఆ పిల్లల కోసమే ఆమె హంతకి. థియేటర్లో మా అమ్మాయి నా చెవిలో, "నాన్నా, ఆవిడ వాళ్లని వదులుకుంది కదా, మళ్లీ ఎందుకు?" అంది. సీరీస్ చూసినవాళ్లకి ఆమె పడిన బాధంతా రద్దయినట్టుంది. చూడనివాళ్లకి ఆ పిల్లలెవరో అర్థం కాలేదు. ఇద్దరికీ నష్టమే.

'లోకీ' సంగతి ఇంకోరకం. 2021లో మొదటి సీజన్ ఆఖరి భాగంలో చాలాసేపు ఒక కొత్త మనిషి బల్ల వెనక కూర్చుని, రాబోయే మహా ప్రతినాయకుడి గురించి చెబుతాడు. లోకీ సీరీస్ ముగింపులో లోకీ శ్రోతగా కూర్చున్నాడు. ఆ ప్రతినాయకుడి పేరుతో ఒక ఎవెంజర్స్ సినిమా కూడా ప్రకటించారు. తర్వాత ఆ నటుడు కోర్టు కేసులో దోషిగా తేలడం, ఆయన్ని తొలగించడం, 2024 జులైలో సినిమా పేరూ విలనూ మార్చేయడం జరిగాయి. వేసిన చువ్వలు ఉన్నాయి, అంతస్తు రాలేదు. న్యాయంగా ఒకటి చెప్పాలి. 2023లో వచ్చిన రెండో సీజన్ చివర, కాలశాఖలన్నీ చేతుల్లో పట్టుకుని లోకీ ఒంటరిగా సింహాసనం మీద కూర్చునే దృశ్యం నిజమైన ముగింపు. సింహాసనం కోసం అన్ననీ తండ్రినీ మోసం చేసినవాడికి, ఎవరూ కోరుకోని సింహాసనం దక్కింది. ఆ రచయితలు తమ ఇల్లు తాము పూర్తి చేసుకున్నారు.

"అసలు ఈ కామిక్స్ పుట్టిందే ఇలా కదా" అని మా అబ్బాయి వాదిస్తాడు. నిజమే. 1960ల నుంచీ మార్వెల్ కామిక్స్‌లో ఒకరి పుస్తకంలోకి ఇంకొకరు వచ్చిపోతూనే ఉన్నారు. మనకీ గొలుసు కథలు కొత్త కాదు. చందమామలో బేతాళ కథలు చదివి పెరిగినవాళ్లం. అసలు కథలు అయిపోయినా, అదే చట్రంలో కొత్తవి అల్లుతూ దశాబ్దాలు నడిపారు. అదీ ఫ్రాంచైజీయే, కాదనను. కానీ ఏ నెల సంచిక కొన్నా ఆ నెల కథ ఆ నెలే తెగేది. ప్రశ్న, జవాబు, శవం మళ్లీ చెట్టెక్కడం. పోయిన నెల పుస్తకం లైబ్రరీలో ఎవరో చింపేసినా మనకి లోటు ఉండేది కాదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథల్లో కొన్ని ఒక మజిలీలో ఆగి తర్వాతి మజిలీలో సాగుతాయి. అయినా శ్రోతకి ఆ పూట కడుపు నిండుతుంది.

సూపర్ హీరోల్లోనూ అలా చేసినవాళ్లున్నారు. 2015లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'డేర్‌డెవిల్' మొదటి సీజన్ చూడండి. కళ్లు లేని లాయరు, న్యూయార్క్‌లో ఒక పేట. 2012 ఎవెంజర్స్ సినిమాలో గ్రహాంతరవాసులతో యుద్ధం జరిగి నగరం కూలింది కదా, ఆ కూలిన చోట మళ్లీ కట్టే కాంట్రాక్టులు ఎవరికి పోయాయి, అద్దెకున్న పేదల్ని ఎవరు ఖాళీ చేయించారు అన్నదే ఈ కథకి మూలం. నా వృత్తిలో ఉన్నవాడికి అది ఏ మాత్రం కల్పనలా అనిపించదు. సినిమాతో బంధం ఇక్కడ పునాదిలో ఉంది, డాబా మీద కాదు. హీరోకి ఎర్ర దుస్తులు దక్కేది కూడా ఆఖరి భాగంలోనే. విచిత్రం ఏమిటంటే ఇదే సీరీస్ రెండో సీజన్‌లో నగరం నడిబొడ్డున పాతాళమంత గొయ్యి ఒకటి కనిపిస్తుంది. ఎందుకు తవ్వారో ఆ సీజన్‌లో చెప్పరు. 2017లో నలుగురు హీరోల్ని కలిపిన 'డిఫెండర్స్' దాకా ఆగాలి. అంత లోతు తవ్వకానికి మున్సిపాలిటీ అనుమతి ఎవరిచ్చారని నేను ఇప్పటికీ అడుగుతుంటాను.

2019లో హెచ్‌బీఓ తీసిన 'వాచ్‌మెన్' తొమ్మిది భాగాలతో ముగిసింది. టల్సాలో 1921లో నల్లజాతివారిపై జరిగిన నరమేధంతో మొదలయ్యే ఆ సీరీస్‌కి 11 ఎమ్మీలు వచ్చాయి. రెండో సీజన్ తీయమంటే డేమన్ లిండెలోఫ్, తాను చెప్పాల్సింది చెప్పేశానని తప్పుకున్నాడు. ఈ రంగంలో అది చిన్న విషయం కాదు.

మన తెలుగు సినిమాలూ ఈ దారి పట్టాయి. 'కల్కి', 'హనుమాన్' రెండూ తర్వాతి భాగం వైపు చూపిస్తూనే ముగిశాయి. సినిమా కాబట్టి మూడు గంటల్లో మనకి ఏదో ఒకటి ఇచ్చి పంపక తప్పదు. రేపు వీటికి సీరీస్‌లు తోడైతే అప్పుడు అసలు పరీక్ష.

అప్పట్లో డిస్నీ అధిపతిగా ఉన్న బాబ్ ఐగర్, మరీ ఎక్కువ తీయడంతో శ్రద్ధ పలచబడిందని 2023లో ఒప్పుకున్నాడు. ఏడాదికి నాలుగు సీరీస్‌ల బదులు రెండే చాలన్నాడు 2024లో. లెక్క తగ్గితే మంచిదే. కానీ రెండు ఇళ్లు కట్టినా రెండూ మొండిగోడలే అయితే అద్దెకు ఎవరొస్తారు? 2023లో 'సీక్రెట్ ఇన్వేజన్' మొదలైనప్పుడు మా అమ్మాయి చదువుకి దూరం వెళ్లింది, ఫోన్లో మాట్లాడుకుంటూ చూద్దామనుకున్నాం. "దీనికి ముందు ఏమేం చూడాలో లిస్టు పంపు నాన్నా" అంది. రాసి పంపాను, పొడుగ్గా వచ్చింది. "పరీక్షలున్నాయి, వేరే సిలబస్ వద్దు" అని నవ్వి పెట్టేసింది. మా శుక్రవారాలు అక్కడితో ఆగాయి.

ఇది విన్నాక మీలో ఎవరికైనా ఒకటి చూడాలనిపిస్తే, డేర్‌డెవిల్ మొదటి 13 భాగాలు చూడండి. కొట్లాటలు కాస్త రక్తంతో ఉంటాయి, చిన్నపిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోకండి. దానికి ముందు ఇంకేమీ చూడక్కర్లేదు.