ట్రక్కు వెనుక కిర్రుమనే చప్పుడు



ధాన్యం తోలకాలప్పుడు ట్రాక్టరు ట్రక్కు వెనుకనుంచి కిర్రుకిర్రుమని చప్పుడు వస్తూంటుంది. ఎడ్లబండి ఇరుసు కిర్రుమంటే ఆముదంలో గడ్డిమసి కలిపి కందెన వేసేవారు, సరిపోయేది. ట్రక్కు సంగతి అలా కాదు. నిండు బస్తాలమీద బేరింగు పగిలిందంటే చక్రమే ఊడిపోవచ్చు.

ముందు చప్పుడు ఎక్కడిదో పట్టుకోవాలి. బరువు దింపి, చదును దారిమీద మెల్లగా నడిపించండి. ఒకరు ఎడంగా నడుస్తూ వినాలి. గతుకుల్లోనే మోగితే అది కమాను పట్టీలదో, వాటి పిన్నులదో. పిన్నులకు గ్రీజు కొడితే చాలావరకు సర్దుకుంటుంది. చక్రం తిరిగినప్పుడల్లా మోగుతూ, వేగంతోపాటు జోరందుకుంటే మాత్రం హబ్బులో బేరింగును అనుమానించండి. నాలుగైదు కిలోమీటర్లు నడిపి, హబ్బుల దగ్గరగా చెయ్యి పెట్టి చూడండి. ఒకటి బాగా వేడెక్కితే దోషం అందులోనే.

ట్రక్కును ట్రాక్టరుకు తగిలించే ఉంచి, రెండో చక్రానికి ముందూ వెనుకా రాళ్లు పెట్టి, ఇరుసు కింద జాకీ ఎత్తండి. జాకీ ఒక్కదాన్నే నమ్మరాదు, గట్టి దిమ్మ ఆసరా ఉండాలి. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే లూజు తెలుస్తుంది. తిప్పితే గరగర వినిపిస్తుంది.

కొందరు వాడేసిన ఇంజను ఆయిలు బయటనుంచి పోస్తారు. అది బేరింగుదాకా పోదు సరికదా, టైరు రబ్బరు పాడవుతుంది. హబ్బు విప్పి డీజిలుతో కడిగి ఆరబెట్టండి. రోలర్లు గుంటలు పడినా, నీలం తిరిగినా కొత్త బేరింగు వేయాల్సిందే. బాగుంటే గ్రీజును అరచేతిలో పెట్టి రోలర్ల సందుల్లోకి ఒత్తాలి. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, కాస్త వెనక్కి వదిలి, కొత్త పిన్ను వేయండి.