సముద్రం దాటే సంత



గంప నెత్తిన పెట్టుకుని సంతకు వెళ్లటం మీకు కొత్త కాదు. దగ్గరైతే నడుస్తారు. దూరమైతే బస్సు ఎక్కుతారు. బస్సులో గంపకు కూడా ఛార్జీ అడుగుతారు. మరి ఊరికీ సంతకూ మధ్య సముద్రం ఉంటే ఏం చేయాలి? అలాంటి చోట ఆడవాళ్లు వ్యాపారం ఎలా చేస్తున్నారో ఈ పూట వినండి.

అమెరికా ఖండాల మధ్య కరీబియన్ సముద్రం ఉంది. దాని తూర్పు అంచున చిన్న చిన్న దీవులు బారులు తీరి ఉన్నాయి. దీవి అంటే చుట్టూ నీళ్లున్న నేల. ఆ దీవుల్లో ఒకటి డొమినికా. దాని వైశాల్యం సుమారు 750 చదరపు కిలోమీటర్లు. అంటే మన మండలాలు మూడో నాలుగో కలిపినంత. జనం సుమారు 70 వేలు. ఎటు చూసినా కొండలు, అడవి, వాన. ముఖ్యపట్నం పేరు రోజో. ఈ దేశం ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో ఉండేది. 1978 నవంబరు 3న స్వతంత్రం వచ్చింది. దీనికి ఉత్తరాన గ్వాడెలూప్, దక్షిణాన మార్టినీక్ ఉన్నాయి. అవి రెండూ ఫ్రాన్సు దేశానివి.

డొమినికా కొండల్లో చేమదుంప, పెండలం, కూర అరటి, నిమ్మ, నారింజ బాగా పండుతాయి. పొరుగు దీవుల్లో వీటికి మంచి గిరాకీ. రైతుల దగ్గర ఇవి కొని, సముద్రం దాటించి అమ్మేవాళ్లను అక్కడ హక్‌స్టర్లు అంటారు. మన మాటలో చెప్పాలంటే మారుబేరగత్తెలు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే.

ఈ వ్యాపారం ఇవాళ పుట్టింది కాదు. ఆఫ్రికా నుంచి జనాన్ని సంకెళ్లు వేసి ఓడల్లో తెచ్చి, ఆ దీవుల్లో బానిసలుగా అమ్మేవారు. తోట పని అయ్యాక ఆ బానిసలు కొండ వాలున చిన్న చెక్క సాగు చేసుకునేవాళ్లు. తినగా మిగిలింది ఆడవాళ్లు ఆదివారం సంతలో అమ్మేవాళ్లు. 1838 నాటికి ఇంగ్లీషు దీవుల్లో బానిసత్వం పూర్తిగా పోయింది. సంత మాత్రం ఆడవాళ్ల చేతిలోనే నిలిచింది. సంకెళ్లతో తెచ్చిన సముద్రం మీదనే వాళ్ల మనవరాళ్లు సొంత సరుకుతో వెళ్లసాగారు.

మొదట్లో తెరచాప పడవలే ఉండేవి. 1961లో కెనడా దేశం ఈ దీవులకు రెండు ఓడలు ఇచ్చింది. అవి దీవి దీవికీ ఆగేవి. 1970ల్లో అవి ఆగిపోయాయి. ఇప్పుడు సరుకు పడవలున్నాయి. జనం ఎక్కే వేగమైన పెద్ద లాంచీలూ ఉన్నాయి. విమానాలూ ఉన్నాయి.

"విమానం ఉండగా పడవ ఎందుకు? అది పేదవాళ్ల బండి కదా!" అనిపించవచ్చు. లెక్క వేసి చూడండి.

విమానం గాలిలో ఉండేది కొద్దిసేపే. కానీ డొమినికా పెద్ద విమానాశ్రయం రోజో పట్నంలో లేదు. కొండదారిలో గంటకు పైగా పోవాలి. ముందుగా వెళ్లి వరసలో నిలబడాలి. లాంచీ రేవు మాత్రం పట్నం నడిబొడ్డునే ఉంది. రోజోలో ఎక్కితే రెండు గంటలకు కాస్త పైన గ్వాడెలూప్‌లో దిగవచ్చు. దగ్గరి దీవికైతే విమానం వల్ల మిగిలే సమయం అనుకున్నంత కాదు.

ఇక బరువు సంగతి. విమానంలో మనిషి వెంట 20 కిలోల పైచిలుకు తీసుకుపోనిస్తారు. మించితే డబ్బు కట్టాలి. ఒకామె దగ్గర 30 పెట్టెలు ఉన్నాయనుకోండి. పెట్టెకు 20 కిలోలు. మొత్తం 600 కిలోలు. చేమదుంపను విమానం ఎక్కిస్తే లాభం గాలిలోనే పోతుంది. అందుకే సరుకుకు పడవే గతి.

మరి మనిషి? కొందరు సరుకుతోనే పడవలో వెళతారు. కొందరు సరుకు పడవకు అప్పజెప్పి, తాము విమానంలో ముందు వెళ్లి రేవులో కాచుకుంటారు. ఎందుకంటే సరుకు దిగేసరికి సొంతదారు అక్కడ ఉండాలి. లేకపోతే పెట్టె తగ్గినా, పండు నలిగినా అడిగే దిక్కు ఉండదు. ఎటు చూసినా వాళ్లు ఆలోచించేది ఒక్కటే. ఈ దారిన పోతే చేతికి ఎంత మిగులుతుంది?

పడవ దారి సుఖం అనుకోకండి. రెండు దీవుల మధ్య సందుల్లో పెద్ద సముద్రపు అలలు తోసుకొస్తాయి. కడుపులో తిప్పుతుంది. పైన ఎండ, మీద ఉప్పునీళ్లు. జూన్ నుంచి నవంబరు వరకు తుపానుల కాలం. పడవ రెండు రోజులు ఆగితే పండ్లు మెత్తబడతాయి. పెట్టిన డబ్బు పోతుంది.

ఇంకో కష్టం కాగితాలది. గ్వాడెలూప్ ఫ్రాన్సుది కాబట్టి అక్కడ కాగితాలు ఫ్రెంచి భాషలో ఉంటాయి. డొమినికాలో ఇంగ్లీషులో ఉంటాయి. సరుకుకు తెగులు లేదని కాగితం కావాలి. సుంకం కాగితం కావాలి. డబ్బు కూడా వేరు. డొమినికాలో నడిచేది తూర్పు కరీబియన్ డాలరు. గ్వాడెలూప్‌లో 2002 నుంచి యూరో. మారకం రేటు తెలియకపోతే అమ్మినంతసేపు లాభం, ఇంటికొచ్చాక నష్టం. ఒకటి మాత్రం కలిసొచ్చింది. రెండు దీవుల జనమూ ఇంట్లో మాట్లాడేది దగ్గర దగ్గరగా ఒకే క్రియోల్ భాష. బేరం ఆ భాషలో సాగిపోతుంది. కాగితం దగ్గరే చదువు కావాలి.

గ్వాడెలూప్ సంతలో మన దేశపు పోలికలున్న ముఖాలూ కనిపిస్తాయి. 1854 డిసెంబరు 24న ఒరేలీ అనే ఓడ మన దేశపు కూలీలను అక్కడ దించింది. 1889 వరకు 40 వేలకు పైగా జనాన్ని అలా తీసుకుపోయారు. అందులో తమిళులు ఎక్కువ. తెలుగువాళ్లూ ఉన్నారు. నెలల తరబడి ఓడలో పోయారు. చెరకు తోటల్లో పని చేశారు. చాలామంది తిరిగి రాలేదు. వాళ్ల సంతతి అక్కడే ఉంది.

1979 ఆగస్టులో డేవిడ్ అనే పెద్ద తుపాను డొమినికా పంటలను ఊడ్చేసింది. మారుబేరగత్తెలకు అమ్మటానికి ఏమీ మిగల్లేదు. 1981లో హక్‌స్టర్లు సంఘం కట్టారు. ఒక్కొక్కరుగా ఉన్నప్పుడు పడవవాడు చెప్పిందే కిరాయి. అప్పిచ్చినవాడు చెప్పిందే వడ్డీ. సంఘం వచ్చాక అప్పు సాయం దొరికింది. గోతాల్లో కుక్కితే పండు నలుగుతుందని అట్టపెట్టెలు వచ్చాయి. సరుకు చెడకుండా ఎలా సర్దాలో నేర్చుకున్నారు.

2017 సెప్టెంబరు 18 రాత్రి మరియా తుపాను వచ్చింది. ఇళ్ల కప్పులు లేచిపోయాయి. మామూలు విమానాలు కొన్నాళ్లు ఆగిపోయాయి. అప్పుడు హెలికాప్టర్లతో పాటు పడవలే ఆదుకున్నాయి. పొరుగు దీవుల నుంచి తిండి, నీళ్లు పడవల్లో వచ్చాయి. జనం పడవల్లో బయటికి వెళ్లారు. పేదవాళ్ల బండి అన్నది ఆ రోజు అందరికీ బండి అయింది.

అక్కలారా! పడవ గొప్పదా, విమానం గొప్పదా అని ఆ ఆడవాళ్లు వాదించుకోరు. బరువు ఎంత, కిరాయి ఎంత, ఎన్ని పూటలు పోతాయి, ఎంత సరుకు చెడుతుంది అని చూస్తారు. ఆ లెక్క నోటితో వేస్తే సగం మరుపు. రాసుకుంటే ఎవరూ కాదనలేరు.

వచ్చే సంతకు మీరూ ఒక కాగితం పెట్టుకోండి. బస్సు ఛార్జీ, గంప ఛార్జీ, ఆశీలు, చెడిన సరుకు, పోయిన కూలి విడివిడిగా రాయండి. మొత్తం కూడండి. అమ్మిన డబ్బులో నుంచి తీసివేయండి. మిగిలిందే మీ సంపాదన. అది ఎంతో అందరూ కలిసి కూర్చుని పోల్చి చూసుకోండి. ఒక్కరే వెళ్లటం మేలా, నలుగురు కలిసి ఒక ఆటో మాట్లాడుకోవటం మేలా, ఆ కాగితమే చెబుతుంది.